నెత్తి మీద, మంచం కింద, మంగోలియాలో

శనివారం పొద్దున్న ఫోన్ మోగితే నేను ఎత్తను. వారమంతా ఎత్తీ ఎత్తీ విసుగెత్తిన మనిషిని. మొన్న శనివారం ఎందుకో ఎత్తాను. ఫోన్ చేసింది డర్బన్ పక్కన ఇసిపింగోలో ఒక చర్చి పెద్దావిడ. ఆవిణ్ణి అందరూ సిస్టర్ అనే పిలుస్తారు, నేనూ అంతే. "ఆయన గురువారం పోయాడు. రేపు మధ్యాహ్నం సమాధి చేస్తాం. నువ్వు రావాలి," అంది ఇంగ్లీషులో. ఎవరని అడగలేదు. ఆ చర్చిలో నాకు 'ఆయన' అంటే ఒక్కడే.

ఫోన్ పెట్టేశాక నా నోటికి ముందుగా వచ్చింది ఆయన పేరు కాదు. "షిరేన్ దేర్." మంగోలియా భాషలో బల్ల మీద అని. డర్బన్ చుట్టుపక్కల ఆ ముక్క తెలిసిన తెలుగువాళ్ళం ఇద్దరం ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

విశాఖ నుంచి నేనిక్కడికి వచ్చింది, దక్షిణాఫ్రికాలో అన్ని రంగులవాళ్ళూ కలిసి ఓటేసిన మొదటి ఎన్నికలైన మరుసటి ఏడు. ప్రాస్పెక్టన్‌లో కార్ల ఫ్యాక్టరీ చుట్టూ విడిభాగాలు చేసే చిన్నచిన్న కంపెనీలుండేవి. వాటిలో ఒకదానిలో ఇంజినీరుగా చేరాను. బంపర్లకి రంగు వేసి పంపడం మా పని. బయట అంతా కొత్త దేశం, కొత్త జెండా అని సంబరం. లోపల మాత్రం రోజూ మీటింగులే. ఎవరి ఉద్యోగం ఉంటుంది, ఎవరిది ఊడుతుంది, ఎవరు ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి పెట్టె సర్దుకుంటున్నారు అన్నదే ముచ్చట. మూడు నెలలు తిరక్కుండానే నాకు నీరసం వచ్చేసింది. ముప్పై నిండని వాణ్ణి, మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళ మీద చేతులు వేసుకునేవాణ్ణి.

ఆయన ఆ రంగుల షాపులో చివరి తనిఖీ చేసే మనిషి. రంగు ఆరిన బంపరు తన ముందుకు రాగానే అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరేవాడు. కళ్ళు ఎటో ఉండేవి. చెయ్యి ఠక్కున ఒకచోట ఆగేది. "లపా," అనేవాడు. అంటే ఇక్కడ అని. మిల్లుల్లో, గనుల్లో దొరలూ కూలీలూ కలిపి అల్లుకున్న 'ఫనకలో' అనే కలగాపులగం భాషలో మాట అది. ఆగిన చోట చూస్తే రంగు కింద ఇసుక రేణువంత దుమ్ము ఉండేది. మేం దీపం పట్టుకుని వెతికినా కనపడని దుమ్ము. ఆ చెయ్యికి తప్పు పట్టడం తప్ప వేరే పని తెలీదని అందరూ వేళాకోళం చేసేవారు. బల్ల చూసినా నిమిరేవాడు, పుస్తకం చూసినా నిమిరేవాడు. కొత్త చొక్కా వేసుకుని వెళ్తే నా భుజం కూడా ఒకసారి నిమిరాడు.

నేను చేరిన మొదటి రోజు టీ బల్ల దగ్గర పది మంది ముందు నన్ను పట్టుకుని, "ఏరా, తిన్నావా లేదా? సెయ్యి కడుక్కో. కూకో. తిను," అని సమూసాల సంచి నా ముందుకు తోశాడు. నేను ఆయన పై అధికారిని. ఒళ్ళు మండింది. తరవాత అర్థమైంది. ఇక్కడి తెలుగువాళ్ళ తాతముత్తాతలు చెరకు తోటల్లోకి కూలీకి వచ్చినప్పుడు తెచ్చుకున్న తెలుగు కరిగీ కరిగీ, ఆయన దాకా వచ్చేసరికి తల్లి పిల్లాణ్ణి కసురుకునే మాటలే మిగిలాయి. ఆయనకి తెలుగులో ఎవరితో మాట్లాడాలన్నా ఆ నాలుగు మాటలే. గవర్నరొచ్చినా "ఏరా, కూకో" అనాల్సిందే. ప్రేమ ఉన్నవాళ్ళకే ఆ నాలుగు మాటలు, మిగతా మాటంతా ఇంగ్లీషే. ఈ సంగతి నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

ఇక మంగోలియా. వాళ్ళ చర్చిలో ఒక పద్ధతి ఉండేది. ఏటా మొదటి ఆదివారం బిస్కెట్ల డబ్బాలో దేశాల పేర్లు రాసిన చిట్టీలు వేసి తిప్పేవారు. ఇంటికొక చిట్టీ. ఎవరికి ఏ దేశం వస్తే ఏడాది పొడుగునా ఆ దేశం కోసం ప్రార్థన చెయ్యాలి. బ్రెజిల్ వచ్చినవాళ్ళు, నార్వే వచ్చినవాళ్ళు వారానికోసారి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పి చేతులు దులుపుకునేవారు. ఈయనకి మంగోలియా వచ్చింది. ఈయన మాత్రం వాళ్ళ భాష నేర్చుకుంటానని కూర్చున్నాడు.

"దేవుడికి ఇంగ్లీషు రాదా?" అని అడిగాను, వెక్కిరింతగానే.

"దేవుడికి వచ్చు మాన్. వాళ్ళకి రాదు కదా. ఒకడి కోసం అడుగుతూ వాడికి అర్థం కాకుండా అడిగితే మర్యాదేనా?" అన్నాడు, మాట చివర మాన్ తగిలించే ఇక్కడి ఇంగ్లీషులో. మళ్ళీ ఆయనే, "వాళ్ళకీ మొన్నమొన్ననే వాళ్ళ దేశం వాళ్ళ చేతికొచ్చిందంట. మనలాగే క్యూలో ఉన్నారు," అన్నాడు. ఓటు వేసిన రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాడట. అప్పట్నుంచి దేనికైనా ఒకటే మాట. జీతం పెరగలేదన్నా, ఇల్లు కారుతోందన్నా, "క్యూ కదుల్తోంది మాన్" అనేవాడు. నాకు ఏ క్యూ కదిలినట్టూ కనపడేది కాదు.

ఎవరో మిషనరీలు ఇంగ్లీషువాళ్ళ కోసం రాసుకున్న వాచకం ఒకటి, జిరాక్సు కాగితాలు, సంపాదించాడు. ఏడో పాఠం దగ్గర బండి ఆగిపోయింది. ఒకరోజు టీ బల్ల దగ్గరికి ఆ కాగితం పట్టుకొచ్చి, "చూడు, పాఠం పేరు ప్రిపొజిషన్లు. మొదటి వాక్యం, మంగోలియా భాషలో ప్రిపొజిషన్లు లేవు అని. లేనిదానికి పదమూడు పేజీలు ఎందుకు రాశాడు?" అన్నాడు. నిజంగా బాధపడుతున్నాడు. "మా చెరకు మిల్లులో ఒక్క లపా చాలేది. లోపల, పైన, దగ్గర, అన్నీ లపాయే. వేలు చూపిస్తే సరి. ప్రార్థనలో వేలు ఎటు చూపించను?"

నేను చదివాను. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది అనిపించింది. లేకేం, ఉన్నాయి. ముందు కాక వెనక వస్తాయి, అంతే. "షిరే అంటే బల్ల. దేర్ అంటే మీద. షిరేన్ దేర్, బల్ల మీద. మన తెలుగులో లేదూ? అచ్చం అంతే," అన్నాను.

"మీద," అన్నాడు ఆయన నెమ్మదిగా. ఆ మాటని బంపరులా నిమిరినట్టు అన్నాడు. "నెత్తి మీద మొట్టుతా."

"ఏమిటి?"

"మా అమ్మ. నెత్తి మీద మొట్టుతా అనేది. అందులో ఉన్న మీదేనా ఇది?"

అదేనన్నాను. ఆయన మొహం చూడాలి. అప్పటికి వాళ్ళమ్మ పోయి ఇరవై ఏళ్ళు. ఆవిడ తిట్టిన తిట్లన్నీ ఆయనకి కంఠతా ఉన్నాయి గానీ, వాటిని విడగొట్టి చూడవచ్చని ఎప్పుడూ తోచలేదు. ఆ రోజు నుంచి రోజూ ఒక తిట్టు తెచ్చేవాడు. "మంచం కింద దూరితే తేలు కుడతాది" నుంచి 'కింద' తీశాం. అది వాళ్ళకి 'దోర్'. "ఇంట్లోంచి బైటికి నడు" దగ్గర ఇంటి నుంచి అన్నది పట్టుకున్నాం. అది 'గెరేస్'. "నాయనతో ఎల్లు, నా కొంగొదులు" అన్నదానిలో నాన్నతో అన్న మాట 'ఆవ్‌తై' అయింది. పుస్తకంలో ఇంగ్లీషు చదివితే ఎక్కనిది, వాళ్ళమ్మ కేకలు వేస్తే రెండు నిమిషాల్లో ఎక్కేది. తిట్టు ముందు చెప్పుకుని, నవ్వుకుని, అప్పుడు మంగోలియా మాట రాసుకునేవాడు. రంగుల షాపులో మాస్కింగ్ టేపుకి కరువు లేదు. చిన్నచిన్న ముక్కలు చించి బల్ల మీద 'దేర్', బల్ల కింద 'దోర్', బీరువా వెనక 'ఆర్ద్', తన కుర్చీ పక్కన 'హజూద్' అని అంటించాడు. పక్కన నా కుర్చీ ఉండేది.

నాకు అది హాయిగా ఉండేదని చెప్పలేను. పదిహేను నిమిషాల టీ. ఆ పదిహేను నిమిషాలూ కళ్ళు మూసుకుందామంటే ఈయన వచ్చి, పక్కనకీ దగ్గరకీ తేడా ఏమిటి అని కూర్చునేవాడు. ఏదో ఒకటి చెప్పేసి పంపించిన రోజులున్నాయి. ఆయన మాత్రం వెళ్తూ వెళ్తూ "తిన్నావా?" అనేవాడు, తెలుగులో.

ఆ చలికాలం పోయాక కాకినాడ కుర్రాడొకడు మా దగ్గర ఇంజినీరుగా చేరాడు. ఇంటి మీద బెంగతో మొహం వేలాడేసుకుని ఉంటే, వాణ్ణి నవ్విద్దామని లేచి నిలబడ్డాను. చేతిలో కప్పు పట్టుకుని, మెడ ముందుకు చాచి, ఆయన గొంతుతో మొదలుపెట్టాను. "ఏరా, కూకో. నెత్తి మీద మొట్టుతా. మంచం కింద దూరకు." నాకు మిమిక్రీ బాగానే వచ్చు, కాలేజీలో కప్పు కూడా గెలిచాను. "యాభై అయిదేళ్ళ మనిషి, తెలుగులో ఇంకా ఉయ్యాల దిగలేదు," అన్నాను. కుర్రాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ నా భుజం మీంచి చూసి ఆపేశాడు.

ఆయన నా వెనకే ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు టీలు. ఒకటి నాకు. నా కప్పు బల్ల మీద పెట్టాడు. ఒలికిన రెండు చుక్కలు అరచేత్తో తుడిచాడు. తన కప్పు తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మామూలుగానే వచ్చాడు, నోటుబుక్కుతో సహా. అడగాల్సినవన్నీ అడిగాడు. అన్నీ ఇంగ్లీషులో. ఒక్క తిట్టూ తేలేదు. వెళ్ళేటప్పుడు "హావ్ యూ ఈటెన్?" అన్నాడు. క్షమించమని అడగాలనే ఉంది. రేపు అడుగుదాంలే అనుకున్నాను. ఆ వారం కస్టమర్ తనిఖీ ఉంది, పై వారం సమ్మె. అలిసినవాడికి సాకులకేం తక్కువ. తరవాత అడగడానికి సిగ్గేసింది. ఏదో ఒక రోజు ఆయనే మళ్ళీ "ఏరా, కూకో" అంటాడు, అప్పుడు సరిపోతుంది అని ఎదురు చూడ్డం మొదలుపెట్టాను.

క్రిస్మస్ వెళ్ళాక, "ఈ ఆదివారం చర్చిలో పైకెళ్ళి చదువుతాను, కాగితం లేకుండా. నువ్వు వస్తే ధైర్యంగా ఉంటుంది," అన్నాడు. వెళ్ళాను. స్కూలు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు. నేను చివరి వరసలో కూర్చున్నాను. ముందు కొత్త ఏడాది చిట్టీలు తీశారు. తీసినవాళ్ళు తమ దేశం పేరు పైకి చదువుతున్నారు. ఆయన వంతు వచ్చింది. చిట్టీ విప్పాడు. దాన్ని బొటనవేలితో నిమిరాడు. తల తిప్పి వెనక వరస కేసి, నేను కూర్చున్న వైపు చూశాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో వెతుక్కుంటున్నాడనుకున్నాను. చిట్టీ మడిచి జేబులో పెట్టుకుని, "మళ్ళీ మంగోలియాయే," అన్నాడు. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు.

అప్పుడు ప్రార్థన చేశాడు. కొత్త మాటలు పెద్దగా రావు కాబట్టి, తనకి వచ్చిన మీదా కిందా పక్కనలతోనే అల్లుకున్నాడు. అర్థం నాకు ముందే చెప్పాడు. మీ ఇళ్ళ మీద మంచు తేలిగ్గా పడాలి. మీ మంచాల కింద చలి దూరకూడదు. మీ గుర్రాల వెనక తోడేలు రాకూడదు. మీ పిల్లల పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ఇంటి నుంచి వెళ్ళినవాడు ఇంటికి రావాలి. హాల్లో ఒక్కరికీ ముక్క అర్థం కాలేదు. నేను మాత్రం దేర్, దోర్, ఆర్ద్, హజూద్ అని వేళ్ళు మడుస్తూ లెక్క పెట్టుకున్నాను. ఎక్కడా తడబడలేదు. బయటికొచ్చాక, "ఒక్క తప్పు లేదు," అన్నాను.

"నీకెలా తెలుసు?" అన్నాడు నవ్వుతూ. ఇంగ్లీషులోనే. "అదే కదా అందులో సుఖం."

ఆ మాట నేను పట్టించుకోలేదు. రెండేళ్ళకి వేరే కంపెనీకి మారాను. తరవాత మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో, గేటూ కాపలా ఉన్న కాలనీలో ఇల్లు కొన్నాను. ఆయన పుట్టింది ఆ పక్కనే, చెరకు మిల్లు కూలీల వరస ఇళ్ళలో. ఒకసారి పిలిస్తే వచ్చాడు. మా ప్రహరీ గోడని నిమురుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగాడు. "ఇక్కడ కొళాయి ఉండేది. ఆరు ఇళ్ళకి ఒకటి. మా అమ్మ ఇక్కడ నిలబడి అరిచేది," అన్నాడు. ఏమని అరిచేది అని అడిగాను. తెలుగులో చెబుతాడేమోనని. "ఏదో అరిచేదిలే," అన్నాడు. ఆ తరవాత ఏటా క్రిస్మస్‌కి ఫోన్లు మిగిలాయి. ఈ ఏడు ఏ దేశం అంటే, మంగోలియాయే అనేవాడు. అంత అదృష్టం ఎలా కలిసొస్తోందని నేను ఆలోచించలేదు. అలసట మనిషిని మొద్దుని కూడా చేస్తుంది.

నిన్న ఆదివారం సమాధి దగ్గర ఎండ. పాటలు, మట్టి, మళ్ళీ పాటలు. అయ్యాక అందరం ఆయన ఇంటికి భోజనాలకి వెళ్ళాం. పెరట్లో టెంటు కింద సిస్టర్ నన్ను పక్కకి పిలిచి, తన బైబిల్లోంచి ఒక మడత కాగితం తీసింది. పసుపు పచ్చబడింది. మడత దగ్గర చిరగబోతోంది.

"అతను నాకు అబద్ధం చెప్పింది ఒక్కసారే," అంది. "నువ్వొచ్చిన ఆ ఆదివారం. నేను చిట్టీల డబ్బా సర్దుతుంటే మంగోలియా చిట్టీ ఇంకా అందులోనే ఉంది. అడిగాను. జేబులోంచి ఇది తీసి ఇచ్చాడు."

విప్పాను. ఇండియా అని ఉంది.

"నీ సొంత దేశం వస్తే దాచుకున్నావేం అన్నాను. 'అక్కడివాళ్ళ కోసం మా అమ్మ మాటల్లో చెయ్యాలి సిస్టర్. అక్కడివాళ్ళకి నా తప్పులు తెలిసిపోతాయి. మంగోలియావాళ్ళు ఇక్కడెవరున్నారు? ఇది డబ్బాలో వెయ్యకు, తీసిపెట్టు, బాగా నేర్చుకున్నాక వచ్చి తీసుకుంటా' అన్నాడు. తీసిపెట్టాను. ప్రతి జనవరిలోనూ మంగోలియా చిట్టీ ముందే వేరుగా ఉంచి అతనికి ఇచ్చేదాన్ని. ఇది అడుగుతాడేమోనని చూసేదాన్ని. అడగలేదు." ఆవిడ నా మొహం చూసి, "నువ్వు నేర్పేవాడివి కదా, నీకిస్తే బాగుంటుందనిపించింది," అంది. ఆవిడకి ఆ టీ బల్ల సంగతి తెలీదు.

నేర్పింది నేనే. మాన్పించిందీ నేనే. అరచేత్తో తడిమి ఇతరుల తప్పు పట్టే మనిషి, నా ఒక్క వెకిలి నవ్వుకి భయపడి, వాళ్ళమ్మ మాటని ఇన్నేళ్ళు ఒక బైబిల్లో తాకట్టు పెట్టి పోయాడు. చిట్టీ జేబులో పెట్టుకున్నాను. ఎక్కడ కూర్చోవాలో తెలియక టెంటు గుంజ పట్టుకుని నిలబడ్డాను.

ఆయన కూతురు వచ్చింది. నలభై దాటి ఉంటాయి, ఏదో బ్యాంకులో పని. ఇంతకు ముందు ఒకటి రెండుసార్లు చూశానంతే. చేతిలో బిర్యానీ, పప్పు వడ్డించిన కంచం. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను ఇంగ్లీషులో పలకరిస్తుందనుకున్నాను.

"ఏరా అంకుల్, తిన్నావా లేదా?" అంది. "సెయ్యి కడుక్కో. కూకో. తిను."

అచ్చం ఆయన గొంతే. ఇంట్లో ఆ మాట ఏనాడూ ఆగలేదన్నమాట. ఆగింది నా దగ్గర ఒక్కచోటే.

"ఏం సూస్తావ్?" అంది.

"ఏం లేదమ్మా," అన్నాను. కొళాయి దగ్గరికి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాను. వచ్చి, చూపించిన చోట కూర్చుని తిన్నాను.